సున్నం బొట్ల సొరకాయ

పెరటి తలుపుకు తాళం ఇంకా అట్లాగే ఉంది.

సరస్వతి పొద్దున లేచి మొహమైనా కడుక్కోకుండా అక్కడికే వెళ్ళింది. లోపలి గొళ్ళేనికి వేసిన ఇత్తడి తాళాన్ని పట్టుకుని ఒకసారి గుంజి చూసింది. రాత్రికి రాత్రే అత్త మనసు కరిగి తీసిపెట్టి ఉంటుందేమోనని ఒక పిచ్చి ఆశ. భద్రమ్మ మనసు అంత తొందరగా కరిగేదే అయితే ఈ ఇంట్లో గొడవలే ఉండవు.

"ఎందుకు గుంజుతానవ్? గుంజితే ఊడే తాళం కాదది," పొయ్యి ముందు నుంచి లేవకుండానే అంది భద్రమ్మ. పెరటి తలుపుదీ, సందు వైపు దొడ్డి దర్వాజదీ, తాళంచెవులన్నీ ఉన్న గుత్తి ఆమె బొడ్లో, వక్కల సంచి పక్కన ఉంది. స్నానానికి పోయినా దాన్ని వెంటే తీసుకుపోతోంది.

"జర తియ్యరాదు అత్తమ్మా. వంకాయ మడి వాడిపోతాంది. వంటింటి కిటికీల కెల్లి కనపడుతానే ఉన్నది."

"నేను పోస్తలేనా నీళ్ళు?"

"నువ్వు ఆకుల మీద పోస్తానవ్. మొదట్ల పొయ్యాలె."

"ఆహా! నెత్తి నెరిసినంక నీళ్ళు పోసుడు గూడ నీ దగ్గర్నే నేర్చుకోవాల్నా నేను?"

భద్రమ్మ మట్టెవాడలో కిరాణం కొట్టు ఇంట్లో పుట్టి, ఇంకో కిరాణం కొట్టు ఇంటికి కోడలుగా వచ్చిన మనిషి. ఆమెకు తెలిసినంతవరకు కూరగాయ తక్కెడలోకి వచ్చి పడుతుంది, మట్టిలోంచి లేవదు. బావి పక్కన అంత జాగా ఏళ్ళ తరబడి ముళ్ళకంపతో పడి ఉంటే, నెక్కొండ నుంచి కాపురానికి వచ్చిన సరస్వతే దాన్ని తవ్వింది, మళ్ళు కట్టింది, పందిరి వేసింది. ఇంటిల్లిపాదీ ఇన్నాళ్ళూ తిన్నది ఆ కూరలే. తినేటప్పుడు ఎవరికీ తాళం గుర్తుకు రాలేదు.

"దవాఖానల నర్సమ్మ గూడ జర అటిటు నడువుమన్నది," అంది మళ్ళీ.

"నడువుమన్నది. బావి కాడ జారుమనలేదు."

జారిన మాట నిజమే. పోయిన వారం బావి గట్టు మీద నాచుకు కాలు జారింది. బొక్కెన బావిలో పడింది గాని సరస్వతి పడలేదు. పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయింది. మడమ కాస్త వాచింది, అంతే. ఆ మర్నాడే తాళం పడింది. ఇదివరకు రెండు కడుపులు నిలవలేదు కదా, అత్త భయం అత్తది అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఎంతకాలం సర్దిచెప్పుకుంటుంది ఎవరైనా?

ఇప్పుడు ఎనిమిదో నెల. ఏడో నెలలో అన్న వచ్చి తల్లిగారింటికి తీసుకుపోవాల్సింది. రాలేదు, ఎందుకు రాలేదో కబురైనా లేదు. ఎనిమిదో నెలలో ఆడపిల్లను ఊరు దాటించరు. ఇక తొమ్మిది పడేదాకా ఈ నాలుగు గోడలే.

వాకిట్లో యాదగిరి సైకిలు దింపుతున్నాడు. సరస్వతి మొగుడు ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి అడ్తిలో గుమాస్తా. శివరాత్రి దాటితే మార్కెట్ నిండా మిరపకాయే. ఇంట్లో ఉన్న కాస్తసేపూ తుమ్ముతూనే ఉంటాడు. సరిగ్గా పెళ్ళాం ఏదో అడగబోయేసరికి తుమ్ము వస్తుంది. అది నిజంగా వస్తుందో, తెప్పించుకుంటాడో దేవుడికే తెలియాలి.

"మీ అమ్మకు చెప్పవా?" అంది సరస్వతి.

"ఏం చెప్పాలె?"

"తాళం తియ్యుమని."

"నీ మంచికే గదనే. జర ఓపిక పట్టు. కాన్పు అయినంక పెరట్ల నువ్వే రాజ్యం ఏలుకుందువు తియ్."

"నా కాన్పు దాకా చెట్లు ఆగుతయా?"

వచ్చింది తుమ్ము. ఒకటి కాదు, వరసగా. తుమ్ముతూనే సైకిలెక్కి పోయాడు.

వంకాయల పేరు ఎత్తింది గాని, సరస్వతి ప్రాణం వంకాయల మీద లేదు. బావికి అవతల, కిటికీ చూపు అందని మూలలో, సొరపందిరి మీద ఒకే ఒక కాయ ఉంది. దాని మీద ఉంది.

పెళ్ళయి అత్తగారింటికి పంపేటప్పుడు తల్లి మొగిలమ్మ ఒడిబియ్యంతో పాటు గుప్పెడు సొరగింజలు కొంగున ముడేసింది. "నీకు నేను యాదికొచ్చినప్పుడు పెట్టుకో బిడ్డా" అంది. ఆ వానాకాలమే మొగిలమ్మ కామెర్లతో పోయింది. అప్పట్నుంచి ఏటా సరస్వతి ఆ గింజలే పెట్టింది, ఏటా ఒక కాయను కొయ్యకుండా విత్తనానికి వదిలింది. పోయినేడు, సమ్మక్క జాతర అయిన కొత్తల్లో, రెండో కడుపు పోయి మంచం పట్టింది. చూసే దిక్కులేక విత్తనపుకాయ పాదు మీదే కుళ్ళిపోయింది. డబ్బా అడుగున మిగిలిన చిటికెడు గింజలతో పెట్టిందే ఈ ఏటి పాదు. నెక్కొండలో వెతుకుదామన్నా లేదు, అన్నావదినలు ఆ దొడ్డిని ఎప్పుడో అమ్ముకున్నారు. ఈ కాయ పోతే తల్లి చేతి విత్తనం ఇక ఎక్కడా లేదు.

అందుకే తల్లి పెట్టినట్టే దానికి గుర్తు పెట్టింది. కాయ మీద మూడు సున్నం బొట్లు. తొడిమెకు తల్లి పాతచీర చించిన ఎర్రపేలిక. వాళ్ళ వాడలో ఆ గుర్తున్న కాయను ఎవరూ, ఎంత అవసరం పడినా, కొయ్యరు.

*

మధ్యాహ్నం భద్రమ్మ చాప మీద కునుకు తీసింది. గుత్తి బొడ్లోనే ఉంది, మీద చెయ్యి కూడా వేసుకుని పడుకుంది.

సరస్వతి వంటింటి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. వంకాయ ఆకులు వేలాడిపోయాయి. కొత్తిమీర ఎండి పూతకొచ్చింది. ఈ వారంలో తనతో ఈ ఇంట్లో పలికిన మాటలు "తిన్నవా", "పండుకో". చెట్ల దగ్గర ఉంటే ఏదో ఒకటి మాట్లాడుకునేది. మొక్కలతో మాట్లాడే పెళ్ళాన్ని చూసి యాదగిరి నవ్వేవాడు. వాటితో కాకపోతే ఇంకెవరితో మాట్లాడుతుంది?

"సరసతీ!"

గోడ మీద తల కనిపించింది. పక్కింటి రాజక్క. బీడీలు చుట్టుకుని బతికే మనిషి, పిల్లలు లేరు. ఇదివరకు రోజూ మధ్యాహ్నం బీడీ చేట పట్టుకుని వచ్చి సరస్వతి దగ్గర కూర్చునేది. ఇప్పుడు ఇంటి రోలు మీద ఎక్కి గోడ మీదుగా తొంగి చూస్తోంది.

"నేనేమన్న తప్పు చేసిన్నా పిల్లా? ఎన్నిమాట్లొచ్చినా మీ అత్త 'పిల్ల పండుకున్నది' అంటది. నన్ను గడప తొక్కనిస్తలేదు."

"నన్నే గడప తొక్కనిస్తలేదు రాజక్కా. నిన్నేం తొక్కనిస్తది!"

ఇద్దరూ నవ్వుకున్నారు, గొంతు పైకి రాకుండా. నవ్వి ఎన్నాళ్ళయిందో. సరస్వతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోను కూడా లేదు.

"రాజక్కా, ఒక్క పని చేస్తవా? పందిరి మీద చూడు. బావి దిక్కు మూలకు, ఆకుల కింద. సున్నం బొట్ల కాయ, ఎర్రపేలిక కట్టుంటది. ఎండిందా లేదా చెప్పు."

రాజక్క మెడ సాచింది. అటు వంగింది, ఇటు వంగింది.

"ఏడుందే? ఆకులన్ని వాడినయ్, కాయుంటే కనపడక పోదు."

"మంచిగ చూడక్కా."

"చూస్తనే ఉన్న. తొడిమె ఉన్నది... కాయ లేదు. కత్తితోని కోసిండ్రు సరసతీ."

సరస్వతి ఊచలు వదల్లేదు.

"మీ అత్త కూరకు కోసిందేమో?" అంది రాజక్క.

"ముదిరి చెక్క లెక్క అయిన కాయ. ఏం కూరక్కా దాంతోని?"

"ఎవలతోని ముచ్చట?" లోపల్నుంచి భద్రమ్మ గొంతు. రాజక్క తల గోడ అవతలికి దిగిపోయింది.

*

భద్రమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. సరస్వతి వచ్చి ఎదురుగా నిలబడింది.

"పందిరి మీద కాయ ఏమైంది అత్తమ్మా?"

భద్రమ్మ ఏరుతున్న చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది.

"నిన్నే అడుగుతాన్న."

బియ్యంలో రాయి దొరికింది, విసిరేసింది. ఇంకోటి వెతికింది.

"కోసింది నువ్వేనా?"

"పండుకోపో. నిలబడకు అంతసేపు."

"పండుకోను."

బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. కాంటాలు తొందరగా ముగిశాయేమో, యాదగిరి ఈ పూట అన్నానికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తల్లి మొహం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు. వచ్చిన దారినే పోదామా అన్నట్టు ఒక్క క్షణం గుమ్మంలో ఆగాడు.

"నీకు తెల్సా?" సరస్వతి అటు తిరిగింది. "నా విత్తనపుకాయ ఎవరు కోసిండ్రో?"

"విత్తనపు కాయా?" యాదగిరి నిజంగానే తెల్లబోయాడు. "అది విత్తనపుకాయనా?"

అంతే. ఆ ఒక్క మాటతో దొరికిపోయాడు. సరస్వతికి కోపం కన్నా ముందు సిగ్గేసింది. ఈ మనిషికి తెలుసు. తెలిసి రోజూ పక్కన పడుకుని లేచిపోతున్నాడు.

"చెప్పురా," అంది భద్రమ్మ. "ఇగ దాసి ఏం లాభం? కాదు, నేనే చెప్త. కూసో పిల్లా."

సరస్వతి కూర్చోలేదు.

"నువ్వు జారిన నాడు, ఏడ జారినవో చూద్దామని పందిరి కిందికి పోయిన. నెత్తి మీద ఆకులల్ల దాసినట్టు ఆ కాయ. మూడు సున్నం బొట్లు, ఎర్రపేలిక. నా గుండె ఆగినంత పనయింది. ఇద్దరు పిల్లలెందుకు నిలువలేదో అప్పుడు సమజయింది నాకు. ఎవరో బాణామతి చేసిండ్రు, మన పెరట్లనే, నీ నెత్తి మీదనే. గోడ అవతల్నించి చెయ్యి సాపితే అందుతది ఆ పందిరి. పిల్లలు లేనిది పక్కనే ఉన్నది. ఎవరని అనుకోవాలె నేను?"

"రాజక్కనా? అత్తమ్మా!"

"నీకు చెప్పలేదెందుకు? కడుపుతోని ఉన్నదాని చెవుల గసోంటియి పడద్దు. బుగులు పడుతవని తాళమేసిన. తిట్టుకుంటె తిట్టుకోనియ్ అనుకున్న."

సరస్వతికి నవ్వొచ్చింది. నవ్వు మొదలై, మధ్యలో తిరిగి ఏడుపైంది. చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

"అవి నేను పెట్టిన బొట్లు అత్తమ్మా. నేను కట్టిన పేలిక. మా అవ్వ చీరది. విత్తనానికి ఇడిసినం, కొయ్యద్దని గుర్తు. మా అవ్వ ఏటేటా గట్లనే పెట్టేది."

భద్రమ్మ చేట పక్కన పెట్టింది. కోడలి కళ్ళలోకి చూసింది, అబద్ధం ఎక్కడైనా ఉందేమోనని వెతికినట్టు. లేదు. యాదగిరికి తుమ్ము కూడా రాలేదు.

"చెప్పచ్చు గద మరి," అంది చివరికి భద్రమ్మ. గొంతు తగ్గింది.

"నువ్వడగచ్చు గద."

అదొక్కటే చాలు. కాపురానికి వచ్చినప్పట్నుంచి ఆ ఇద్దరి మధ్య జరగని మాట అదే.

"ఏడ పారేసిండ్రు?" సరస్వతి మొగుణ్ణి అడిగింది.

"పిండిగిర్ని ముందర. మూడు తొవ్వల కాడ."

"పలగ్గొట్టినవా?"

"లేదు. కడుపుతోని ఉన్నదాని మొగడు కాయ పలగ్గొట్టద్దన్నది అమ్మ. ఊకెనే కింద పెట్టొచ్చిన."

పగలలేదు. మూడు తొవ్వల కాడ పెట్టినదాన్ని ఎవడూ ముట్టడు. అయితే అది అక్కడే ఉంటుంది.

"పోయి తీసుకరా," అంది.

యాదగిరి తల్లి వైపు చూశాడు.

"వద్దు," అంది భద్రమ్మ. "ఎవరు కట్టినా ఇగ అది మన కాయ కాదు పిల్లా. నువ్వు పండుకున్నప్పుడు నీ సుట్టు మూడుమాట్లు తిప్పిన. పోయిన ఆ ఇద్దరు పిల్లల పేరు మీద గూడ తిప్పిన. ఈ ఇంటి పీడంత దానికి పట్టిచ్చి పంపిన. మళ్ళ ఇంటికి తెస్తే ఏమొస్తదో తెల్సా దాంతోని?"

ఆ ఇద్దరు పిల్లలు. ఈ ఇంట్లో ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. కడుపు పోయింది అన్నారు, నిలువలేదు అన్నారు. వాళ్ళను పిల్లలని లెక్కబెట్టుకుంటున్నది తనొక్కతే అనుకుంది. అత్త కూడా లెక్కబెట్టుకుంటోందా? ఆ క్షణంలో వెళ్ళి అత్తను పట్టుకుని ఏడవాలనిపించింది. కాళ్ళు మాత్రం కదల్లేదు.

"నువ్వేమంటవ్?" అని మొగుణ్ణే అడిగింది.

యాదగిరి జేబురుమాలు తీశాడు, మడత పెట్టాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "లారీ లోడింగ్ ఉన్నది. సేటు ఎదురుచూస్తాండు. మాపటికి వచ్చినంక మాట్లాడుకుందాం, ఫికర్ చెయ్యకు." అన్నం కూడా తినకుండా సైకిలెక్కాడు.

సరస్వతి సైకిలు చప్పుడు వాడ మలుపు తిరిగేదాకా వింది. మళ్ళీ వస్తాడని కాదు. ఊరికే వింది.

*

దీపాల వేళ చెప్పులు వేసుకుంది.

"ఎటు?" భద్రమ్మ లేచింది.

"తెచ్చుకుంట."

"ఎనిమిదో నెల పిల్లా! మూడు తొవ్వల కాడ దిష్టి తొక్కుతవ్! నీకు దండం పెడుత, ఆగు."

చెయ్యి పట్టుకుని ఆపేదే. కానీ గుంజితే ఎక్కడ పడుతుందోనన్న భయం భద్రమ్మకు. చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. సరస్వతి గడప దాటింది.

నల్లా దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు మాటలాపి చూశారు. "ఇంత పొట్టేసుకోని ఒక్కతే ఎటు పోతాంది?" అని ఒకామె. ఎవరూ వెంట రాలేదు. వాచిన మడమ మెట్ట మీద కలుక్కుమంటోంది. నడుమున చెయ్యి పెట్టుకుని, గోడలు పట్టుకుని నడిచింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ దారిన ఒంటరిగా నడవడం ఇదే మొదలు.

పిండిగిర్ని మూసేశారు. మూడు తొవ్వల మధ్యలో నలిగిన నిమ్మకాయలు, ఎర్రబియ్యం. కాయ లేదు. సరస్వతి అటూ ఇటూ తిరిగి చూసింది. కరెంటు స్తంభం మొదట్లో, రిక్షా చక్రాలు నెట్టేసిన చోట, దుమ్ములో పడి ఉంది. ఎర్రపేలిక మట్టికొట్టుకుపోయింది. ఒక బొట్టు చెరిగింది. కాయ మాత్రం నిండుగా ఉంది.

స్తంభం పట్టుకుని మెల్లగా కిందికి దిగింది. మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మో! ముట్టకు పిల్లా! కడుపుతోని ఉన్నవ్!" ఎవరో కేకేశారు.

ముట్టుకుంది. రెండు చేతులా ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

గలగలమన్నాయి గింజలు.

"అవ్వా," అంది సరస్వతి. పైకే అంది. వింటే విననీ అనుకుంది.

*

తిరిగొచ్చేసరికి భద్రమ్మ గడప మీద నిలబడి ఉంది. రెండు చేతులూ దర్వాజ రెండు వైపులా పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది.

"దాన్ని ఇడిసి రా బిడ్డా. నీ కాళ్ళు మొక్కుత. ఆడ ఇడిసి రా. పుట్టేదాని ఎత్తు బెల్లం బంగారం ఇస్తనని సమ్మక్కకు మొక్కుకున్న. నా మొక్కు చెడగొట్టకు."

"ఇడువను."

"నా ఇంట్లకు రానియ్య."

"రానియ్యకుంటె ఇక్కడ్నే కూసుంట."

కూర్చుంది, బయటి అరుగు మీద, కాయ ఒళ్ళో పెట్టుకుని. వాడలో ఒక్కొక్క ఇంటి దర్వాజలోనూ ఒక్కొక్క మొహం. దీపాలు వెలిగాయి. ఎక్కడో రేడియోలో వార్తలు. కడుపులో బిడ్డ ఒకసారి పక్కకు తిరిగింది. సరస్వతి కడుపు మీద ఒక చెయ్యి, కాయ మీద ఒక చెయ్యి పెట్టుకుంది. ఇంత ఏకాకితనం తల్లి పోయిన నాడు కూడా లేదు. ఆనాడు కనీసం ఏడ్చేవాళ్ళు పక్కన ఉన్నారు.

భద్రమ్మ లోపలికి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. బొడ్లోంచి గుత్తి తీసి బయటికి విసిరింది. "సందుల దొడ్డి దర్వాజ తీసుకోని అటు నుంచి పో. దాన్ని పెరట్ల పెట్టు. ఇంటి గడప మాత్రం దాటియ్యకు. గింతకన్న దిగలేను నేను." తలుపు దగ్గరికేసుకుంది, పూర్తిగా వెయ్యలేదు.

గుత్తి అరుగు మీద ఆగకుండా జారి వాడలో పడింది. సరస్వతి లేవబోయింది. నడుము పట్టేసింది.

"ఆగాగు, నేనిస్త," అంటూ రాజక్క తన అరుగు మీద బీడీ చేట పక్కన పెట్టి పరుగున వచ్చింది. వంగి గుత్తి తీసింది.

"ముట్టకు!" తలుపు సందులోంచి భద్రమ్మ అరుపు. "నువ్వు ముట్టకు రాజక్కా! నీ చెయ్యి తగలద్దు దాన్ని!"

రాజక్క గుత్తి పట్టుకుని అట్లాగే నిలబడింది. భద్రమ్మ వైపు చూసింది. సరస్వతి ఒళ్ళోని సున్నం బొట్లూ ఎర్రపేలికా చూసింది. ఇన్నాళ్ళూ గడప ఎందుకు తొక్కనివ్వలేదో తెలియడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

"నేననుకున్నవా వదినె?" అంది మెల్లగా.

భద్రమ్మ నాలుక కరుచుకుందో, ఇంకా నమ్ముతోందో, చీకటిలో మొహం తెలియలేదు. సరస్వతి "కాదక్కా, అది నేనే..." అని మొదలుపెట్టేలోపే రాజక్క గుత్తిని అరుగు మీద పెట్టేసింది, సరస్వతి చేతికి తగలకుండా దూరంగా. తన ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. బీడీ చేట బయటే ఉండిపోయింది.

సరస్వతి గోడ పట్టుకుని లేచింది. గుత్తి తీసుకుంది. సందులోకి నడిచి, దొడ్డి దర్వాజ తీసి, పెరట్లో కాలు పెట్టింది. వారమంతా ఈ క్షణం కోసమే కదా ఏడ్చింది. వంకాయ మొక్కలు తల వాల్చాయి. సొరతీగ ఎండి పందిరికి చుట్టుకుని ఉంది. కాయను పందిరి కింద పెట్టింది. తొట్టిలోని నీళ్ళు ముంచి వంకాయ మొదట్లో పోసింది. నడుం నొప్పికి రెండో చెంబు ముంచలేకపోయింది.

సందు చుట్టూ తిరిగి మళ్ళీ ముందు వాకిలికి పోవడానికి కాళ్ళు రాలేదు. పెరటి తలుపు దగ్గరికి వెళ్ళి కొట్టింది.

"అత్తమ్మా."

అవతల అడుగుల చప్పుడు. వెంటనే వచ్చిందంటే, అక్కడే నిలబడి ఉంది.

"ఏడ పెట్టినవ్ దాన్ని?"

"పందిరి కింద."

"చేతులు కడుక్కున్నవా?"

"కడుక్కున్న. నడుము నొస్తాంది అత్తమ్మా. తియ్."

తాళం గుంజిన చప్పుడైంది. పొద్దున తను గుంజినట్టే. మళ్ళీ ఒకసారి.

"చెవులు నీ దగ్గర్నే ఉన్నయ్ బిడ్డా," అంది భద్రమ్మ అవతల్నుంచి. "తాళం ఇటున్నది. తలుపు కింది సందుల కెల్లి గుత్తి ఇటు నూకు, తీస్త."

సరస్వతి తలుపుకు ఆనుకుని మెల్లగా కిందికి కూర్చుంది. సందు కనిపిస్తూనే ఉంది. గుత్తి పడుతుంది. చేతిని సందు దాకా తెచ్చి ఆపింది.

"తీసి మళ్ళ ఏస్తవా అత్తమ్మా?"

తలుపు అవతల భద్రమ్మ ఊపిరి వినపడుతూనే ఉంది. జవాబు మాత్రం రాలేదు. సరస్వతి గుత్తిని గుప్పిట్లోంచి వదల్లేదు.